స్కాన్‌లో తెల్లమచ్చ పెరిగితే గడ్డ పెరిగినట్టేనా?

దోహా: తలలో గడ్డ ఉందని తేలింది. ఆపరేషన్ అయింది. ఆరు వారాల పాటు కరెంటు పెట్టారు, మాత్రలు వేయించారు. గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నెల తర్వాత స్కాన్ తీయిస్తే మచ్చ మునుపటికంటే పెద్దగా కనిపించింది. రిపోర్టులో ఒక్కటే ముక్క: 'పెరిగింది'. ఆ ముక్క చదివిన రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. కొందరు ఉన్న రెండెకరాలు బేరానికి పెట్టి ఇంకో ఆస్పత్రికి పరుగెత్తుతారు. కొందరు ఇక లాభం లేదనుకుని మనిషిని ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెడతారు. గల్ఫ్‌లో ఉన్న తమ్ముడికో కొడుక్కో ఫోన్ వస్తుంది, డబ్బు సర్దమనో, వెంటనే టికెట్ తీసుకుని రమ్మనో.

అయితే ఆ మచ్చ నిజంగా గడ్డేనా? కొన్నిసార్లు కాదు. వైద్యం గట్టిగా పని చేయడం వల్లే మచ్చ పెద్దదిగా కనిపించే సందర్భాలు ఉన్నాయి. గడ్డ పెరిగిన బొమ్మా, వైద్యానికి మెదడు వాచిన బొమ్మా మామూలు ఎమ్మారైలో అన్నదమ్ముల్లా ఒకే పోలికతో ఉంటాయి. ఈ రెండింటినీ విడదీయడానికి ప్రపంచంలోని పెద్ద పెద్ద ఆస్పత్రులూ, కంప్యూటర్ శాస్త్రజ్ఞులూ ఏళ్ళ తరబడి కష్టపడుతున్నారు.

మాకెందుకీ సంగతి?

మేము డాక్టర్లం కాము. డిప్లొమాలు చదివి ఇక్కడి సైట్లలో స్లాబులు పోయించుకునే సూపర్‌వైజర్లం. కానీ 2022 ఫిబ్రవరిలో మాతో పాటు పని చేసే షట్టరింగ్ ఫోర్‌మన్‌కి సైట్‌లోనే ఫిట్స్ వచ్చాయి. పాత కరీంనగర్ జిల్లా మనిషి. అదృష్టవశాత్తూ ఆ టైమ్‌కి కింద నేల మీద ఉన్నాడు, స్కాఫోల్డింగ్ మీద లేడు. స్కాన్‌లో గడ్డ కనిపించింది. మార్చిలో హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. గ్లయోబ్లాస్టోమా అని బయాప్సీ రిపోర్టు వచ్చింది. పెద్దవాళ్ళకు మెదడులోనే పుట్టే క్యాన్సర్లలో అది చాలా మొండిది. మే నెలాఖరుకు రేడియేషన్ పూర్తయింది. జూన్ చివరి వారంలో స్కాన్ తీస్తే మచ్చ పెరిగిందన్నారు.

ఆ రాత్రి వాళ్ళన్న ఫోన్ చేశాడు. "తమ్మీ, మళ్ళ పెరిగిందట. ఇంకేం చేసుడు? ఇంటికి తోలుకపోతం" అన్నాడు. ఇక్కడ క్యాంపులో మేమంతా కలిసి డబ్బు పోగు చేస్తున్న రోజులవి. ఆ డబ్బు రెండో ఆపరేషన్‌కు పంపాలా, ఇంటి ఖర్చులకు పంపాలా అన్నది కూడా మాకు తెలియలేదు. తెలిసినవాళ్ళ ద్వారా ఆ సీడీలు ఇంకో న్యూరో డాక్టరుకు చూపిస్తే ఆయన చెప్పిన మాట ఒక్కటే: "రేడియేషన్ అయిపోయి నెల కూడా కాలేదు. ఇప్పుడే తీర్పు చెప్పొద్దు. మందు ఆపొద్దు. ఆగస్టులో ఇంకో స్కాన్ తీయండి, అందులో రక్తప్రవాహం కూడా చూడమనండి."

ఆగస్టు మూడో వారంలో తీసిన స్కాన్‌లో మచ్చ తగ్గింది. జూన్‌లో కనిపించింది గడ్డ పెరుగుదల కాదు, వైద్యం తాలూకు వాపు. ఆరు విడతల మాత్రలూ డిసెంబరుకు పూర్తి చేసుకున్నాడు. 2024 ఏప్రిల్‌లో ఆ జబ్బుతోనే పోయాడు. కానీ ఆ జూన్‌లో మందు ఆపేసి ఉంటే? మధ్యలో దొరికిన కాలంలో పొలం భార్య పేరున మార్పించాడు, కంపెనీ నుంచి రావాల్సిన సెటిల్‌మెంటు చేతికందింది, పెద్దమ్మాయిని డిగ్రీలో చేర్పించి తనే వెళ్ళి ఫీజు కట్టి వచ్చాడు. అప్పటి నుంచి మేము ఈ విషయం మీద దొరికినంతా చదివాము, తెలిసిన డాక్టర్లను అడిగాము. అందులో మనవాళ్ళకు పనికొచ్చేది ఇక్కడ రాస్తున్నాము.

తెల్లమచ్చ ఎలా వస్తుంది?

ఎమ్మారై తీసేటప్పుడు చేతి నరానికి గాడోలినియం అనే మందు ఎక్కిస్తారు. మెదడులోని రక్తనాళాల గోడలు మిగతా శరీరంలో ఉన్నట్టు ఉండవు. చాలా బిగుతుగా ఉండి, రక్తంలోని అడ్డమైన పదార్థాన్నీ లోపలికి రానివ్వవు. ఆరోగ్యంగా ఉన్న మెదడులోకి ఈ మందు కూడా దిగదు. గోడ దెబ్బతిన్న చోట మాత్రం బయటకు కారుతుంది. కారిన చోట బొమ్మలో తెల్లగా వెలుగుతుంది.

గడ్డ తన ఆకలి తీర్చుకోడానికి కొత్త రక్తనాళాలు మొలిపించుకుంటుంది. అవి హడావుడిగా కట్టిన నాసిరకం పైపుల్లాంటివి, కారతాయి. అందుకే గడ్డ తెల్లగా కనిపిస్తుంది. అయితే రేడియేషన్ తగిలిన చోట మంచి రక్తనాళాలు కూడా దెబ్బతిని వాస్తాయి. అవీ కారతాయి. అక్కడా తెల్లగానే కనిపిస్తుంది. అంటే తెల్లమచ్చ చెప్పేది ఇక్కడ కారుతోందనే గానీ, ఎందుకు కారుతోందో కాదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

రెండు రకాల ఉత్తుత్తి పెరుగుదల

గ్లయోబ్లాస్టోమాకు ఇప్పటికీ చాలాచోట్ల అనుసరించే పద్ధతి 2005లో వచ్చింది. యూరప్, కెనడా వైద్య బృందాలు 573 మంది రోగుల మీద చేసిన పరిశోధన అది. ఆరు వారాల్లో 30 విడతలుగా మొత్తం 60 గ్రేల రేడియేషన్, దాంతో పాటు రోజూ టెమోజోలోమైడ్ మాత్ర, ఆ తర్వాత 28 రోజులకోసారి అయిదేసి రోజుల చొప్పున ఆరు విడతల మాత్రలు. రేడియేషన్ ఒక్కటే తీసుకున్న వారిలో సగం మంది 12.1 నెలలు దాటగా, మాత్ర కూడా తీసుకున్న వారిలో సగం మంది 14.6 నెలలు దాటారు. రెండేళ్ళు దాటినవారు 10.4 శాతం నుంచి 26.5 శాతానికి పెరిగారు. చూడ్డానికి చిన్న అంకెలే. కానీ ఈ జబ్బులో నెలల లెక్కే లెక్క.

ఈ పద్ధతి ఊరూరా అమల్లోకి వచ్చాక డాక్టర్లకు ఒక వింత ఎదురైంది. రేడియేషన్ ముగిసిన మొదటి మూడు నెలల్లో మచ్చ పెరిగినవాళ్ళలో కొందరికి, మందు ఏమీ మార్చకుండానే తర్వాతి స్కాన్లలో మచ్చ దానంతటదే తగ్గిపోతోంది. దీనికే 'సూడో ప్రోగ్రెషన్' అని పేరు పెట్టారు. మన భాషలో ఉత్తుత్తి పెరుగుదల అనుకోవచ్చు. ఈ చికిత్స తీసుకున్నవాళ్ళలో సుమారుగా నూటికి 20 నుంచి 30 మందిలో ఇది కనిపిస్తుందని అంచనా.

ఇందులో ఇంకో విశేషం ఉంది. మన కణాల్లో ఎంజీఎంటీ అనే జన్యువు మరమ్మతు మేస్త్రీలాంటిది. టెమోజోలోమైడ్ చేసిన దెబ్బను అది బాగుచేసి గడ్డ కణాన్ని బతికిస్తుంది. కొందరి గడ్డల్లో ఈ జన్యువు మూతబడి ఉంటుంది. రిపోర్టులో 'మిథైలేటెడ్' అని రాస్తారు. అలాంటివారికి మందు బాగా పట్టుతుంది. ఉత్తుత్తి పెరుగుదల కూడా వాళ్ళలోనే ఎక్కువ. అంటే ఎవరికి వైద్యం బాగా పనిచేసే అవకాశం ఉందో, వాళ్ళకే స్కాన్ ఎక్కువగా భయపెడుతుందన్నమాట. ఆ భయంతో మందు ఆపేస్తే నష్టపోయేది సరిగ్గా వాళ్ళే.

రెండో రకం ఆలస్యంగా వస్తుంది. దాన్ని రేడియేషన్ నెక్రోసిస్ అంటారు. రేడియేషన్ తగిలిన కణజాలం కొన్ని నెలలకు, ఒక్కోసారి కొన్నేళ్ళకు చచ్చి, చుట్టూ నీరు పట్టి, అచ్చం గడ్డలాగే కనిపిస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సరో రొమ్ము క్యాన్సరో మెదడుకు పాకి, గామా నైఫ్ లాంటి యంత్రాలతో రేడియేషన్ తీసుకున్నవారిలోనూ ఇది వస్తుంది. ఉత్తుత్తి పెరుగుదల చాలామటుకు దానంతటదే సర్దుకుంటుంది. నెక్రోసిస్‌కు మాత్రం ఒక్కోసారి వైద్యం చేయాల్సి వస్తుంది, కానీ క్యాన్సర్ వైద్యం కాదు. వాపు తగ్గించే స్టెరాయిడ్లు, బెవాసిజుమాబ్ అనే ఇంజెక్షను, కొందరికి ఆపరేషన్.

పన్నెండు వారాల నియమం

మా సైట్లలో గోడకు పగులు వస్తే వెంటనే గోడ కూల్చం. పగులుకు అడ్డంగా సన్నటి గాజు ముక్క అతికించి, దాని మీద తేదీ రాసి వదిలేస్తాం. కొన్ని వారాలకు గాజు విరిగితే పగులు కదులుతున్నట్టు, విరక్కపోతే అది ఆరిపోయిన పాత పగులు. ఒక్కసారి చూస్తే తెలియనిది, రెండుసార్లు చూస్తే తెలుస్తుంది.

మెదడు డాక్టర్లు కూడా ఇదే దారికి వచ్చారు. 1990లో మెక్‌డొనాల్డ్ అనే డాక్టరు బృందం తయారు చేసిన కొలతల ప్రకారం తెల్లమచ్చ నిడివి, వెడల్పు గుణించి, అది 25 శాతం పెరిగితే జబ్బు పెరిగినట్టే లెక్క. 2010లో 'రానో' అనే అంతర్జాతీయ బృందం ఆ లెక్కను సవరించింది. రేడియేషన్ ముగిసిన మొదటి 12 వారాల్లో కేవలం బొమ్మ చూసి జబ్బు పెరిగిందని తేల్చకూడదన్నది. రెండే మినహాయింపులు. రేడియేషన్ గట్టిగా తగిలిన ప్రాంతానికి బయట కొత్త మచ్చ రావాలి, లేదా ముక్క తీసి పరీక్షిస్తే బతికున్న గడ్డ కనిపించాలి. 2023లో ఈ నియమాలను మళ్ళీ సవరించారు. ఆపరేషన్ తర్వాతి స్కాన్‌తో కాకుండా రేడియేషన్ అయ్యాక తీసిన మొదటి స్కాన్‌తోనే తర్వాతివన్నీ పోల్చాలన్నారు. ఆ మొదటి మూడు నెలల్లో పెరుగుదల కనిపిస్తే మరో స్కాన్‌తో ఖాయం చేసుకోవాలన్నారు.

ఆ బయటి మచ్చ సంగతి చిన్నది కాదు. మాకు తెలిసిన కాకినాడ వైపు ఎలక్ట్రీషియన్ ఒకాయన తండ్రికి కూడా ఇదే జబ్బు. రేడియేషన్ అయిన రెండు నెలలకు మచ్చ కనిపిస్తే, మా మిత్రుడి సంగతి విని 'ఇదీ ఉత్తుత్తిదే' అని ఇంట్లోవాళ్ళు ధైర్యపడ్డారు. కానీ ఆ మచ్చ మెదడులో రెండో వైపు, రేడియేషన్ పడని చోట వచ్చింది. డాక్టర్లు రేడియేషన్ ప్లాన్ తెరిచి చూసి, ఇది నిజమైన పెరుగుదలేనని చెప్పి అప్పటికప్పుడు మందు మార్చారు. కాబట్టి పెరిగిన ప్రతి మచ్చా ఉత్తుత్తిది కాదు. ఒక ఇంటి అనుభవం ఇంకో ఇంటికి తీర్పు కాదు.

రక్తం ఎంత పారుతోంది?

ఆగి చూడ్డం మంచిదే గానీ, ఆగడానికి అందరికీ టైముండదు. నిజంగా గడ్డే పెరుగుతుంటే రెండు నెలలు చాలా ఎక్కువ. అందుకని ఎమ్మారైతోనే ఇంకొంచెం లోతుగా చూసే పద్ధతులు వచ్చాయి.

మొదటిది పెర్ఫ్యూజన్. మందు మెదడులోంచి పారుతున్న కొద్ది సెకన్లలో వరసగా బొమ్మలు తీసి, ఏ మూల ఎంత రక్తం ఉందో లెక్క కడతారు. బతికున్న గడ్డలో రక్తనాళాలు ఎక్కువ, కనుక రక్తం ఎక్కువ. చచ్చిన కణజాలంలో తక్కువ. మా మిత్రుడికి ఆగస్టులో తీసిన స్కాన్‌లో చూసిందిదే. ఎదురుగా ఉన్న ఆరోగ్యమైన వైపుతో పోల్చి నిష్పత్తి చెబుతారు. అయితే ఆపరేషన్ జరిగిన చోట మిగిలిన పాత రక్తపు మరకల వల్ల, ఎముక దగ్గర ఉండటం వల్ల ఈ లెక్క చెడిపోవచ్చు.

రెండోది డిఫ్యూజన్. నీటి అణువులు ఎంత స్వేచ్ఛగా కదులుతున్నాయో చూస్తుంది. గడ్డ కణాలు కిక్కిరిసి ఉంటే నీరు కదలడానికి చోటు దొరకదు. కణాలు చచ్చి విడిపోయిన చోట నీరు తేలిగ్గా కదులుతుంది.

మూడోది స్పెక్ట్రోస్కోపీ. ఇది ఆ మచ్చలోని రసాయనాలను కొలుస్తుంది. కణాలు వేగంగా పెరిగే చోట కోలీన్ ఎక్కువగా, మంచి నరకణాల గుర్తు అయిన ఎన్ఏఏ తక్కువగా ఉంటాయి. చచ్చిన కణజాలంలో కొవ్వు, లాక్టేటు గుర్తులు పెరుగుతాయి. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ తిరుగులేని సాక్ష్యం కాదు. మూడూ ఒకే మాట చెబితే మాత్రం డాక్టరుకు ధైర్యం వస్తుంది.

గంట ఆగి తీసే బొమ్మ

మాకు బాగా నచ్చిన పద్ధతి ఇంకొకటుంది. ఇజ్రాయెల్‌లో టెల్ అవీవ్ దగ్గరున్న షెబా ఆస్పత్రి పరిశోధకులు దీన్ని తయారు చేసి, 2012లోనూ 2015లోనూ ఫలితాలు ప్రకటించారు. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు. మామూలుగా మందు ఎక్కించిన అయిదు నిమిషాలకు ఒక బొమ్మ తీస్తారు. రోగిని దించి కూర్చోబెట్టి, గంటో గంటంపావో ఆగాక మళ్ళీ ఒక బొమ్మ తీస్తారు. కంప్యూటర్‌లో రెండో బొమ్మలోంచి మొదటిదాన్ని తీసివేస్తారు.

బతికున్న గడ్డలో రక్తప్రవాహం జోరుగా ఉంటుంది కనుక వచ్చిన మందు వచ్చినట్టే కొట్టుకుపోతుంది. గంట తర్వాత తగ్గుతుంది. దెబ్బతిన్న కణజాలంలోకి మందు మెల్లగా చేరి, బయటకు పోయే దారి లేక అక్కడే నిలబడుతుంది. గంట తర్వాత పెరుగుతుంది. డ్రైనేజీ ఉన్న చోట నీళ్ళు పోతాయి, లేని చోట మడుగు కడతాయి, అంతే. కంప్యూటర్ ఈ తేడాను రంగుల్లో చూపిస్తుంది. గడ్డ ఉన్న చోట నీలం, వైద్యం వల్ల దెబ్బతిన్న చోట ఎరుపు. ఒకే మచ్చలో రెండు రంగులూ కలిసి ఉండటం మామూలే. నిజానికి చాలామందిలో కొంత గడ్డ, కొంత చచ్చిన కణజాలం కలగలిసే ఉంటాయి. ఏది ఎంత, ఎక్కడ అన్నది తెలిస్తే ఆపరేషన్ చేసే డాక్టరుకు దారి దొరుకుతుంది.

పెట్ స్కాన్ సంగతి

క్యాన్సర్ అనగానే మనవాళ్ళు పెట్ స్కాన్ అడుగుతారు. అయితే ఊళ్ళల్లో మామూలుగా తీసే పెట్ స్కాన్‌లో వాడేది చక్కెరలాంటి మందు. మెదడు ఎప్పుడూ చక్కెర తింటూనే ఉంటుంది కనుక మొత్తం మెదడు వెలుగుతూ కనిపిస్తుంది, అందులో గడ్డ వెలుగును పోల్చుకోవడం కష్టం. మెదడు గడ్డలకు అమైనో ఆమ్లాలతో చేసే పెట్ మేలని 2016లో అంతర్జాతీయ బృందాలు సిఫారసు చేశాయి. మిథియోనిన్, ఎఫ్ఈటీ, ఎఫ్‌డోపా అని వీటి పేర్లు. మంచి మెదడు వీటిని పెద్దగా తీసుకోదు, గడ్డ తీసుకుంటుంది.

చిక్కల్లా దొరకడంలోనే. మిథియోనిన్‌కు కలిపే కార్బన్-11 రేడియోధార్మికత 20 నిమిషాలకోసారి సగమైపోతుంది, కనుక ఆ మందు తయారు చేసే సైక్లోట్రాన్ ఆస్పత్రిలోనే ఉండాలి. ఎఫ్ఈటీకి కలిపే ఫ్లోరిన్-18 సగమవడానికి 110 నిమిషాలు పడుతుంది, కాబట్టి పక్క ఊరికి పంపడానికి వీలవుతుంది. పెట్ తీయించే ముందు ఏ మందుతో తీస్తారని ఒక్క ప్రశ్న అడిగితే డబ్బు వృథా కాకుండా ఉంటుంది.

కంప్యూటర్ కన్ను

మనిషి కన్ను చూడలేని తేడాలు బొమ్మలో ఉంటాయా? ఉంటాయని చూపించినవారిలో మన దేశం నుంచి వెళ్ళిన శాస్త్రవేత్త పల్లవి తివారీ ఒకరు. అమెరికాలో కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో ఉండగా ఆమె బృందం 2016లో ఒక పరిశోధన ప్రచురించింది. ఎమ్మారై బొమ్మలోని చుక్కలు ఒకదాని పక్కన ఒకటి ఎలా పేర్చి ఉన్నాయో, ఆ నేతను కంప్యూటర్‌తో కొలిచారు. నెక్రోసిస్ నేత వేరు, గడ్డ నేత వేరు. తర్వాత 15 మంది రోగుల బొమ్మలు ఇద్దరు అనుభవమున్న డాక్టర్లకూ, కంప్యూటర్‌కూ ఇచ్చారు. ఒక డాక్టరు 7, ఇంకొకరు 8 సరిగ్గా చెప్పారు. కంప్యూటర్ 12 చెప్పింది.

పదిహేను మంది అంటే చిన్న లెక్క. దాన్ని పట్టుకుని డాక్టర్ల కన్నా కంప్యూటర్ మేలు అనేయలేం. ఒక ఆస్పత్రి యంత్రం మీద నేర్చిన ప్రోగ్రాం ఇంకో ఆస్పత్రి యంత్రం బొమ్మల దగ్గర తడబడుతుంది. అందుకే చాలా ఆస్పత్రుల బొమ్మలు కావాలి. రోగుల వివరాలు బయటకు ఇవ్వడానికి చట్టాలు ఒప్పుకోవు. దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. బొమ్మలు కదలవు, ప్రోగ్రామే ఆస్పత్రి నుంచి ఆస్పత్రికి వెళ్ళి నేర్చుకుని వస్తుంది. ఆరు ఖండాల్లోని 71 కేంద్రాలు, 6,314 మంది గ్లయోబ్లాస్టోమా రోగుల బొమ్మలతో గడ్డ హద్దులు గీయడం ఈ పద్ధతిలో కంప్యూటర్‌కు నేర్పినట్టు 2022లో ప్రకటించారు. 2012 నుంచి ఏటేటా జరుగుతున్న 'బ్రాట్స్' అనే అంతర్జాతీయ పోటీలో మొదట వైద్యానికి ముందు తీసిన బొమ్మలే ఎక్కువగా ఉండేవి. 2024లో వైద్యం అయ్యాక తీసిన బొమ్మలతోనే ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టారు. అసలు కష్టం ఎక్కడుందో పరిశోధకులు కూడా అక్కడికే వచ్చారన్నమాట.

ముక్క తీసి చూస్తే?

మరి తల తెరిచి ముక్క తీసి చూస్తే పోదా అని మేమూ అడిగాము. స్లాబు మీద అనుమానం వస్తే మేము కోర్ కటింగ్ చేస్తాం, గుండ్రంగా ఒక ముక్క తీసి ల్యాబ్‌కు పంపుతాం. కానీ కోర్ తీసిన చోట కాంక్రీటు బాగుండి, మీటరు అవతల డొల్లగా ఉండొచ్చు. మెదడు మచ్చలోనూ అంతే. సూది చచ్చిన కణజాలంలో పడితే గడ్డ లేదని వస్తుంది, రెండు సెంటీమీటర్ల పక్కన బతికున్న గడ్డ ఉంటుంది. పైగా ఇది స్లాబు కాదు, సూది దిగేది మాటకీ నడకకీ ఆధారమైన మెదడులోకి. అందుకే బొమ్మల విశ్లేషణకు ఇంత విలువ.

అటు తప్పినా ఇటు తప్పినా

ఉత్తుత్తి పెరుగుదలను నిజమనుకుంటే పనిచేస్తున్న మందు ఆగిపోతుంది, అక్కర్లేని ఆపరేషన్ జరుగుతుంది. నిజమైన పెరుగుదలను ఉత్తుత్తిదనుకుంటే పనిచేయని మందుతో విలువైన నెలలు పోతాయి. ఇంకో తిరకాసు కూడా ఉంది. బెవాసిజుమాబ్ ఇంజెక్షను కారుతున్న రక్తనాళాలను బిగిస్తుంది. కొద్ది రోజుల్లోనే తెల్లమచ్చ మాయమైనట్టు కనిపిస్తుంది, కానీ లోపల గడ్డ అలాగే ఉండొచ్చు. స్టెరాయిడ్ మోతాదు పెంచినా మచ్చ చిన్నదిగా, తగ్గిస్తే పెద్దదిగా కనిపించవచ్చు. బొమ్మ ఒక్కటే చూసి సంతోషపడకూడదు, బొమ్మ ఒక్కటే చూసి ఏడవకూడదు. మనిషి ఎలా ఉన్నాడు, నడక ఎలా ఉంది, మాట ఎలా ఉంది అన్నవి కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మనవాళ్ళు చేయాల్సింది

డాక్టరు పని డాక్టరుదే. కానీ కాగితాలూ సీడీలూ సరిగ్గా అందించే పని కుటుంబానిది, ఇక్కడి నుంచి ఫోన్ మీద నడిపించే మనది.

- ప్రతి ఎమ్మారై సీడీ దాచాలి. రిపోర్టు కాగితం చాలదు. ఫిల్ముకు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే రెండో డాక్టరు దాన్ని కొలవలేడు. సీడీలోని అసలు ఫైళ్ళు కావాలి. గల్ఫ్‌లో మొదటి స్కాన్ తీసి ఊళ్ళో వైద్యం చేయించుకునేవారు ఇక్కడి సీడీ తప్పకుండా వెంట తీసుకెళ్ళాలి.

- ఆపరేషన్‌కు ముందు తీసినది, ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజుల్లో తీసినది, రేడియేషన్ అయిన సుమారు నెలకు తీసినది, ఈ మూడూ పునాది రాళ్ళు. తర్వాతి స్కాన్లు వీలైనంత వరకు అదే కేంద్రంలో, అదే యంత్రం మీద తీయించాలి.

- రేడియేషన్ ఇచ్చిన ఆస్పత్రి నుంచి ప్లాన్ కాపీ, మొత్తం డోసు, చివరి విడత తేదీ రాయించుకోవాలి. కొత్త మచ్చ రేడియేషన్ పడిన చోట ఉందా, బయట ఉందా అన్నది అందులోనే తేలుతుంది. చాలా ఇళ్ళల్లో లేని కాగితం ఇదే.

- స్కాన్ తీయించే రోజు స్టెరాయిడ్ మాత్ర ఎంత వేసుకుంటున్నారో రాసివ్వాలి. చివరి రేడియేషన్ తేదీ కూడా రేడియాలజిస్టుకు చెప్పాలి. ఆ తేదీ తెలియకపోతే ఆయన ఉన్న బొమ్మను బట్టి 'పెరిగింది' అని రాయడం తప్ప చేయగలిగింది లేదు.

- బయాప్సీ ముక్క మీద ఎంజీఎంటీ, ఐడీహెచ్ పరీక్షలు చేశారా అని అడగాలి. చేయకపోతే ఆస్పత్రిలో దాచిన ముక్క మీద తర్వాతైనా చేయించవచ్చు.

- 'పెరిగింది' అన్న రిపోర్టు వస్తే మూడు ప్రశ్నలు అడగండి. రేడియేషన్ అయి ఎన్ని వారాలైంది? మచ్చ రేడియేషన్ పడిన చోటులోనే ఉందా? పెర్ఫ్యూజన్ లాంటి పరీక్ష అవసరమా? ఈ మూడింటికీ జవాబు రాకుండా పొలం అమ్మకానికి పెట్టకండి, మందూ ఆపకండి. అలాగే తలనొప్పి, వాంతులు, చేతికాళ్ళ బలహీనత పెరుగుతుంటే తర్వాతి స్కాన్ తేదీ దాకా ఇంట్లో కూర్చోకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

ఇక మన సైట్ మనుషులకు ఒక మాట. ఎవరికైనా ఒక్కసారి ఫిట్స్ వచ్చినా 'ఎండకు కళ్ళు తిరిగాయిలే' అని వదిలేయొద్దు. డాక్టరు సరే అనేదాకా ఎత్తు మీదికి ఎక్కనివ్వొద్దు, బండి నడపనివ్వొద్దు, తిరిగే మెషీన్ దగ్గర నిలబెట్టొద్దు. పని పోతుందని దాచిపెట్టేవాళ్ళు ఉన్నారు. ఆ భయం మాకు తెలియంది కాదు. కానీ ఆరో అంతస్తు మీద వచ్చే రెండో ఫిట్‌కు స్కాన్ తీసే అవకాశం కూడా ఉండదు.

ఇంటి దగ్గర ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకాల కింద మెదడు ఆపరేషన్‌కూ రేడియేషన్‌కూ సాయం దొరికే అవకాశం ఉంది. మనిషి గల్ఫ్‌లో ఉన్నా రేషన్ కార్డులో పేరు ఉందో లేదో ఆరోగ్యంగా ఉన్నప్పుడే చూసుకోవాలి. జబ్బు వచ్చాక కార్డు కోసం తిరగడం కంటే, ఈసారి సెలవు మీద వెళ్ళినప్పుడు ఒక పూట మండల ఆఫీసుకు వెళ్ళి రావడం తేలిక.

ఈ జబ్బు పూర్తిగా నయమవుతుందని మేము చెప్పడం లేదు, చెప్పకూడదు కూడా. కానీ ఉన్న నెలలు తప్పు లెక్కతో పోగొట్టుకోకుండా చూసుకోవడం మన చేతిలో ఉంది. అందుకు కావాల్సింది పెద్ద చదువు కాదు. ఒక ఫైలు, అందులో తేదీల వారీగా సీడీలు, పైన చెప్పిన మూడు ప్రశ్నలు.